ఒక్క అక్షరమే కదా

ఓర్తా రేవులో అక్టోబరు తడి.
తెయ్‌మోజా కదలడం లేదు.
ఆ పేరుకి మొండిది అని అర్థం,
పెట్టిన మా మేనమామకి ముందే తెలిసినట్టుంది.
ఇంజను గుండెలో వేలెడంత ఇత్తడి వాల్వు
ముప్పయ్యేళ్ళు కొట్టుకుని కొట్టుకుని
నిన్న రాత్రి, పికో దీవికీ మాకూ మధ్య నీళ్ళలో
ఇక చాలనుకుంది.
ట్యూనా పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు మమ్మల్ని,
దారి పొడుగునా నవ్వుతూనే.

డీజిలు వేళ్ళతో ఫోను తెరిచాను.
వెలాన్, అని కొట్టాను. ఇంజను చేసిన కంపెనీ,
మూతపడి చాలా కాలమైంది.
వెలాన్ నలభై నాలుగు, ఆయిలు వాల్వు.
"వెలాష్ కోసం ఫలితాలు చూపిస్తున్నాం" అంది.
వెలాష్ అంటే మా భాషలో కొవ్వొత్తులు.
లావెండరు వాసనవి,
గాజు గిన్నెల్లో తేలేవి,
పుట్టినరోజు అంకెలవి, నాలుగు పక్కన నాలుగు.
నాకు యాభై ఒకటి.

అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో:
"కాదు, వెలానే కావాలా?"
కావాలి. అందుకే కదా తల్లీ కొట్టాను.
నొక్కాను.
ఈసారి కొవ్వొత్తులు కొంచెం తక్కువ.

పేరుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాను,
పిల్లాడి మొహాన్ని రెండు చేతులా పట్టుకుని
ఇటు చూడు, నా వైపు చూడు అన్నట్టు.
ఒకప్పుడు చూసేది.
మైనస్ పెట్టి కొవ్వొత్తి వద్దన్నాను.
అన్నదాంట్లో కొవ్వొత్తి ఒక్కటే వినబడింది దానికి.
చెవిటివాడి ముందు శంఖం ఊదితే
ఎముకెందుకు కొరుకుతున్నావ్ అన్నాట్ట.
ఆ చెవిటివాడే నయం,
ఎముకలు అమ్మజూపలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇది అడిగింది తప్ప అన్నీ పెడుతుంది.

ఈమధ్య పైన ఒక పెట్టె కూడా మొదలైంది.
రమ్మనలేదు నేను, పొమ్మనడానికి మీట లేదు.
అందులోంచి ఎవరో చాలా మర్యాదగా, చాలా నమ్మకంగా:
వాల్వు మార్చే ముందు
వత్తిని అర సెంటీమీటరు కత్తిరించుకోవాలట.

రేవు మెట్ల మీద కూర్చుని పగలబడి నవ్వాను.
పక్కన వల కుడుతున్న ఎడ్వీజ్ భయపడింది.
తర్వాత నవ్వు రాలేదు.

పూర్వం ఒక తెల్ల పేజీ వచ్చేది:
దొరకలేదు.
అంతే. ఇంకో దారి చూసుకో అన్నట్టు.
ఎంత తిట్టుకున్నానో ఆ పేజీని.
పాపం, ఖాళీ చేతులు రెండూ చాచి చూపించేది,
గుప్పిట్లో ఏదీ దాచకుండా.

బెలార్మీను షెడ్డు కొండవాలున, హైడ్రేంజియా కంచె దాటాక.
ఎనభై మూడేళ్ళు. కుడి చెవి నిజంగానే పనిచేయదు.
"వెలాన్" అన్నాను.
"ఏమిటీ?" అన్నాడు.
కొవ్వొత్తులా అనలేదు. ఏమిటీ అని అడిగి
ఎడమ చెవి నా నోటి దగ్గరికి తెచ్చాడు.
మళ్ళీ చెప్పాను.
విరిగిన వాల్వుని బొటనవేలితో తడిమి
"మర ఎడమకా, కుడికా?"
తెలియదన్నాను.
"నాకూ తెలీదు. ఉండు."

డబ్బాలు దింపాడు. పొగాకువి, బిస్కెట్లవి,
చేపలవి, మూత రానిదొకటి, దాన్ని తొడల మధ్య బిగించి లాగాడు.
నేల మీద మరమేకులు, వాషర్లు, ఎవరిదో ఉంగరం.
"ఇది ఇక్కడుందా" అని ఉంగరాన్ని జేబులో వేసుకున్నాడు.
గంటన్నర.
ఆఖరి డబ్బా బోర్లించి, అడుగు కూడా తట్టి,
తల ఎత్తాడు.
"లేదు, జుల్మీరా."

లేదు.
ఎన్నాళ్ళైంది నాతో ఎవరైనా ఆ మాట అని.

మూలనున్న ఇత్తడి కడ్డీ తీసి వైసులో బిగించాడు,
ఆకురాయి నా చేతిలో పెట్టాడు.
ఇద్దరం వంతులవారీగా అరగదీస్తున్నాం, రెండో రోజు ఇది.
ఇంకా ఒక వెంట్రుకవాసి లావుంది.
ఇందాక ఫోను టింగుమంది:
మీ బుట్టలో కొవ్వొత్తులు ఎదురుచూస్తున్నాయట.
నేను వేయలేదు.
ఇత్తడి పొడి ఊదుకుని, మళ్ళీ కొలుస్తున్నాను.